నడక ప్రయాణానికి ఏ లెన్సులు? బరువుకూ వాడకానికీ మధ్య లెక్క

క్లుప్తంగా

వీపున సామాను వేసుకుని నడిచే ప్రయాణంలో ఎక్కువ ఫోటోలు పగటి వెలుగులో, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 దరిదాపుల్లో పెట్టి తీసేవే. ఎఫ్ అంకె చిన్నదైతే ఆ రంధ్రం పెద్దది. అందువల్ల పెద్ద అపర్చర్ కోసం మోసే బరువులో చాలా భాగం వాడకంలోకి రాదు. 24 నుంచి 105 లేదా 120 మి.మీ. దాకా అందే ఎఫ్/4 జూమ్ ఒకటి చాలామందికి సరిపోతుంది. మి.మీ.లో చెప్పేది ఫోకల్ లెంగ్త్: అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా, పెద్దదైతే దూరపువి దగ్గరగా పడతాయి. రెండో లెన్స్ ప్రయాణపు ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. నక్షత్రాలు తీయాలంటే వైడ్ ప్రైమ్ (వెడల్పుగా చూపే, జూమ్ లేని లెన్స్), దూరపు శిఖరాలు, పక్షులు కావాలంటే తేలికపాటి టెలీ జూమ్ (దూరపువాటిని దగ్గరగా చూపేది). మూడో లెన్స్ పెట్టుకోవాలంటే గట్టి కారణం ఉండాలి.

సలహాలు ఎందుకు పొసగవు

రోజుల తరబడి నడిచే ప్రయాణానికి ఏ లెన్సులు పెట్టుకోవాలని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. 16–35, 24–70, 70–200 మి.మీ. ఎఫ్/2.8 జూమ్‌లు మూడూ ఉండాల్సిందేనని కొందరంటారు. 35 మి.మీ. ప్రైమ్ ఒక్కటి చాలని మరికొందరు. 24–200 మి.మీ. సూపర్‌జూమ్ తగిలించుకుని మిగతావన్నీ ఇంట్లో వదిలేయమని ఇంకొందరు. మూడు జవాబులూ వాటి వాటి సందర్భాల్లో సరైనవే. ఏ సందర్భంలో పుట్టిన సలహా అన్నది తెలియకపోవడం వల్లే తికమక.

మూడు ఎఫ్/2.8 జూమ్‌ల పద్ధతి పెళ్లిళ్లు, సభలు, వార్తల ఫోటోగ్రఫీలో స్థిరపడింది. అక్కడ వెలుగు తక్కువ, మనుషులు కదులుతుంటారు, షట్టర్ వేగం తగ్గించే వీలుండదు, బ్యాగు ఎక్కడో ఒకచోట దించి ఉంటుంది. కొండదారిలో పరిస్థితి దాదాపు తలకిందులు. తీసే వస్తువు కదలదు, పగలంతా వెలుగుంటుంది, దించి పెట్టడానికి చోటుండదు. సోనీ ఉన్నత శ్రేణి అయిన జీఎం తొలి తరం లెన్సుల్లో ఈ మూడూ కలిపితే 680, 886, 1480 గ్రాములు, అంటే మూడు కిలోలు దాటేవి. రెండో తరంలో అవే మూడూ 547, 695, 1045 గ్రాములకు దిగి, మొత్తం 2.3 కిలోల దగ్గరికి వచ్చాయి. ఇది పెద్ద తగ్గుదలే. అయినా 650 గ్రాముల కెమెరా బాడీ కలిపితే మళ్లీ మూడు కిలోల దగ్గరే ఉంటుంది. తేలిక సామానుతో నడిచేవారు తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించి డేరా, పడక, బట్టలు అన్నీ కలిపి 4.5 కిలోల లోపు ఉంచుకోవాలని చూస్తారు. ఆ లెక్క పక్కన పెడితే మూడు కిలోల కెమెరా సామాను అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఒక్క ప్రైమ్ సలహా వీధి ఫోటోగ్రఫీ నుంచి వచ్చింది. అక్కడ రెండడుగులు ముందుకు వేస్తే ఫ్రేమ్ మారుతుంది. ఒకపక్క లోయ, మరోపక్క రాతిగోడ ఉన్న కాలిబాటలో ఆ రెండడుగులు వేసే చోటు ఉండదు.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది

లెన్స్ బరువును ప్రధానంగా నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ముందు వైపు నుంచి చూసినప్పుడు కనిపించే అపర్చర్ రంధ్రపు వ్యాసం అదే. 200 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌కు అది 71 మి.మీ. ముందు గాజు అంతకంటే చిన్నగా ఉండే వీలు లేదు. ఎఫ్/4 దగ్గర అదే 50 మి.మీ.కు తగ్గుతుంది. గాజు వ్యాసం పెరిగితే మందమూ పెరుగుతుంది, దాన్ని పట్టి ఉంచే గొట్టమూ పెరుగుతుంది. అందుకే ఒక్క స్టాప్ (వెలుగు రెట్టింపో సగమో కావడం) తేడాకు బరువు మూడో వంతు మారుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ 70–200 మి.మీ. ఎఫ్/2.8 బరువు 1070 గ్రాములైతే, అదే శ్రేణిలో ఎఫ్/4 బరువు 695 గ్రాములు.

వైడ్ లెన్సుల్లో ఈ భాగహారం ఇచ్చే అంకె చిన్నదే. 20 మి.మీ. ఎఫ్/1.8కు కేవలం 11 మి.మీ. అక్కడ బరువు మరో దారిన వస్తుంది: ఫ్రేమ్ మూలల దాకా వెలుగు సమంగా, పదునుగా చేరేలా చేసే దిద్దుబాటు గాజుల వల్ల. డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లోపలి అద్దానికి చోటు వదలాలి కాబట్టి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్‌కు దూరం ఎక్కువ. కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో ఆ దూరం నికాన్ జెడ్‌కు 16, సోనీ ఈ మౌంట్‌కు 18, కెనాన్ ఆర్ఎఫ్‌కు 20 మి.మీ.కు తగ్గింది. వెనక గాజును సెన్సర్‌కు దగ్గరగా పెట్టే వీలు దొరకడంతో వైడ్ లెన్సులు చిన్నవయ్యాయి. టెలీ లెన్సులకు ఈ లాభం పెద్దగా అందలేదు, ఎందుకంటే వాటి బరువు ముందు గాజులోనే ఉంది. మిర్రర్‌లెస్‌కు మారితే సామానంతా సగమవుతుందన్న ఆశ టెలీ లెన్స్ దగ్గర తీరకపోవడానికి కారణం ఇదే.

బరువు తగ్గించడానికి తయారీదారులకు ఉన్న మార్గాలు మూడు. మొదటిది అపర్చర్ తగ్గించడం. కెనాన్ ఆర్ఎఫ్ 24–105 మి.మీ. ఎఫ్/4 700 గ్రాములైతే, ఎఫ్/4–7.1 రకం 395 గ్రాములే. రెండోది వక్రతను గాజుతో కాక సాఫ్ట్‌వేర్‌తో దిద్దడం. 165 గ్రాముల ఆర్ఎఫ్ 16 మి.మీ. ఎఫ్/2.8 ఇందుకు మంచి ఉదాహరణ. దిద్దుబాటులో మూలలు సాగుతాయి కాబట్టి అక్కడ పదును కొంత తగ్గుతుంది. మూడోది సన్నని వలయాలతో వెలుగును వంచే డిఫ్రాక్టివ్ గాజు. నికాన్ పాత 300 మి.మీ. ఎఫ్/4 బరువు 1440 గ్రాములు. 2015లో ఈ పద్ధతిలో వచ్చిన 300 మి.మీ. ఎఫ్/4 పీఎఫ్ బరువు 755 గ్రాములు. ఎదురు వెలుగు పడినప్పుడు ఈ లెన్సుల్లో కాంతి బిందువు చుట్టూ వలయాల్లాంటి మరక కనిపించవచ్చు. ఈ మూడింటిలో నడక ప్రయాణానికి అన్నిటికంటే చౌక బేరం మొదటిదే. పగటిపూట ఎఫ్/8లో తీసే ఫోటోకు, లెన్స్ ఎఫ్/2.8 దాకా తెరుచుకుంటుందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

ఎఫ్/8 దగ్గర ఆగడానికీ కారణముంది. ఫుల్ ఫ్రేమ్‌లో (36×24 మి.మీ. సెన్సర్ ఉన్న కెమెరాలో) 24 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో పెట్టి 2.4 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా ఆమోదయోగ్యమైన పదును వస్తుంది. ముందున్న రాయి నుంచి వెనకున్న శిఖరం దాకా అందులో ఇమిడిపోతాయి. ఎఫ్/16కు వెళితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదరడం) వల్ల చిత్రమంతా కొద్దిగా మెత్తబడుతుంది, సెన్సర్ మీది ధూళి మచ్చలు కూడా తేలతాయి. అంతకంటే చిన్న సెన్సర్ అయిన ఏపీఎస్-సీలో ఇదే పరిస్థితి ఎఫ్/11 దాటాక, ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్/8 దాటాక మొదలవుతుంది.

కొండ ఎంత పెద్దగా పడుతుంది

పర్వతాలు పెద్దవి కాబట్టి అల్ట్రా వైడ్ లెన్స్ తప్పనిసరి అనుకోవడం ఈ విషయంలో బాగా పాతుకుపోయిన పొరపాటు. లెక్క వేస్తే తేలిపోతుంది. నిలబడ్డ చోటు కంటే వెయ్యి మీటర్ల ఎత్తున్న శిఖరం పది కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరంతో పోలిస్తే ఎత్తు పదో వంతు. కాబట్టి సెన్సర్ మీద దాని ఎత్తు ఫోకల్ లెంగ్త్‌లో పదో వంతు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ ఎత్తు 24 మి.మీ. 16 మి.మీ. లెన్స్‌తో శిఖరం 1.6 మి.మీ. మాత్రమే పడుతుంది, అంటే ఫ్రేమ్‌లో పదిహేనో వంతు. 24 మి.మీ.తో పదో వంతు. 105 మి.మీ.తో 10.5 మి.మీ., సగానికి కాస్త తక్కువ. 200 మి.మీ.తో ఫ్రేమ్‌లో ఆరింట ఐదు వంతులు నిండుతుంది. కళ్లెదుట గంభీరంగా నిలిచిన పర్వతం ఇంటికొచ్చి చూసుకుంటే చీమలపుట్టలా కనిపించడానికి కారణం కెమెరా లోపం కాదు, ఫోకల్ లెంగ్త్ ఎంపిక.

అల్ట్రా వైడ్ నిజంగా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. ఇరుకు లోయలో జలపాతం కింద నిలబడ్డప్పుడు, డేరా లోపల, పెద్ద చెట్ల మధ్య, కాళ్ల దగ్గరి పువ్వులనో బండలనో ముందు పెట్టి దూరపు దృశ్యాన్ని వెనక ఉంచేటప్పుడు. పగటిపూట వీటిలో చాలా సందర్భాలకు ఫోన్ సరిపోతుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 13–14 మి.మీ.కు సమానమైన అల్ట్రా వైడ్ కెమెరా ఉంటోంది. అది ఎలాగూ జేబులో ఉండే బరువే.

ఫోన్ నాణ్యత చాలదనుకుంటే పనోరమా మార్గం ఉంది. 35 మి.మీ. లెన్స్‌ను నిలువుగా పట్టుకుంటే అడ్డంగా 38 డిగ్రీలు పడుతుంది. ఒక్కో ఫ్రేమ్ మూడో వంతు పక్కదానితో కలిసేలా మూడు ఫోటోలు తీస్తే 88 డిగ్రీలు వస్తాయి. 18 మి.మీ. లెన్స్‌ను అడ్డంగా పట్టుకుంటే వచ్చే 90 డిగ్రీలకు ఇది దాదాపు సమానం. ఎత్తులో మాత్రం 67 డిగ్రీల బదులు 54 దగ్గర ఆగుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో బిగించి, నడుము నుంచి కాకుండా కెమెరా చుట్టూ శరీరం తిరిగేలా తీయాలి. ముందున రెండు మీటర్ల లోపు వస్తువులుంటే అతుకులు తేడాగా వస్తాయి. గాలికి ఊగే గడ్డి, అలలు కూడా అతుకు దగ్గర ఇబ్బంది పెడతాయి.

ఇక టెలీ వైపు. దారిలో జంతువులు, పక్షులు కనిపించొచ్చన్న ఆలోచనతో చాలామంది 70–200 పెట్టుకుంటారు. ముప్పై సెంటీమీటర్ల పక్షి ఇరవై మీటర్ల దూరంలో ఉంటే, 200 మి.మీ. లెన్స్‌తో సెన్సర్ మీద దాని ఎత్తు మూడు మి.మీ., ఫ్రేమ్‌లో ఎనిమిదో వంతు. 400 మి.మీ.తో నాలుగో వంతు. అంటే పక్షులే లక్ష్యమైతే 200 చాలదు. లక్ష్యం కాకపోతే ఆ 200 మి.మీ. లెన్స్ కిలో బరువుతో ఎఫ్/2.8గా ఉండాల్సిన పనీ లేదు. కెనాన్ ఆర్ఎఫ్ 100–400 మి.మీ. ఎఫ్/5.6–8 బరువు 635 గ్రాములు. ట్యామ్రాన్ 70–300 మి.మీ. ఎఫ్/4.5–6.3 సోనీ మౌంట్‌లో 545 గ్రాములు. పగటి వెలుగులో ఈ చిన్న అపర్చర్లు సమస్య కావు. తెల్లవారకముందు, దట్టమైన అడవి నీడలో మాత్రం ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) బాగా పెంచాల్సి వస్తుందని ముందే ఒప్పుకోవాలి.

దూరం పెరిగేకొద్దీ మధ్యలోని గాలి కూడా అడ్డొస్తుంది. ఎండ ఎక్కాక నేల వేడికి గాలి పొరలు కదులుతుంటాయి. అప్పుడు ఎంత ఖరీదైన టెలీ లెన్స్ పెట్టినా దూరపు శిఖరం అలలు అలలుగానే పడుతుంది. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు కనిపించే ఫోటోలు ఉదయం, సాయంత్రం తీసినవై ఉండటానికి ఇదీ ఒక కారణం.

జూమా, ప్రైమా

స్టూడియోలో ఈ చర్చ పదును గురించి. కాలిబాటలో చర్చ లెన్స్ మార్చడం గురించి. మార్చాలంటే ఆగాలి, బ్యాగు దించాలి, లెన్స్ తీయాలి, మూతలు తీయాలి, మార్చాలి, మళ్లీ సర్దాలి. ఈలోగా తోటివారు ముందుకు వెళ్లిపోతారు, మబ్బు సందున పడ్డ ఎండ పోతుంది. కొన్నిసార్లు ఇలా అయ్యాక రెండో లెన్స్ బ్యాగు అడుగునే ఉండిపోతుంది. లెన్స్‌ల ఎంపికలో అన్నిటికంటే పెద్ద నిజం ఇది: చేతికి అందే లెన్స్‌తోనే ఫోటోలు వస్తాయి. మెరుగైనదైనా బ్యాగు లోపలిది బరువుగానే మిగులుతుంది.

కాబట్టి జూమ్‌కే మొగ్గు. 24–105 ఎఫ్/4 రకం సోనీలో 663, నికాన్ 24–120 ఎఫ్/4 630 గ్రాములు. నికాన్ లెన్స్ దగ్గరి వస్తువులను 0.39 రెట్ల పరిమాణంలో తీయగలదు. అంటే పువ్వులు, పురుగులకు వేరే మ్యాక్రో లెన్స్ అవసరం చాలామందికి తప్పుతుంది. స్పెసిఫికేషన్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ అంకెను నడకకు వెళ్లేవారు తప్పక చూడాలి. సోనీ 20–70 మి.మీ. ఎఫ్/4 488 గ్రాములతో వైడ్ వైపు ఎక్కువ ఇస్తుంది. దాంతో అల్ట్రా వైడ్ ప్రశ్న చాలావరకు అక్కడే తీరిపోతుంది.

సూపర్‌జూమ్‌లను తీసిపారేయడం ఇప్పుడు న్యాయం కాదు. నికాన్ జెడ్ 24–200 మి.మీ. ఎఫ్/4–6.3 570 గ్రాములు, ట్యామ్రాన్ 28–200 మి.మీ. ఎఫ్/2.8–5.6 575 గ్రాములు. ఎఫ్/8లో మధ్య భాగం బాగానే ఉంటుంది, పొడవు చివర మూలలు కాస్త మెత్తబడతాయి. ట్యామ్రాన్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) లేదు కాబట్టి బాడీలో ఉండాలి. 28 దగ్గర మొదలవడం కూడా ఆలోచించాల్సిందే. 24కూ 28కీ మధ్య అంకెల్లో తేడా నాలుగే అయినా, చూపు కోణంలో 84 డిగ్రీలకూ 75కూ ఉన్నంత తేడా.

105 దగ్గర ఆగిపోయే జూమ్‌కు క్రాపింగ్ తోడవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌ను ఏపీఎస్-సీ మేరకు కోస్తే 105 కాస్తా 157 మి.మీ.తో తీసినట్టు అవుతుంది, పదిన్నర మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఏ4 కాగితంపై చక్కగా ముద్రించడానికి అది సరిపోతుంది. 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే దాదాపు ఇరవై మిగులుతాయి. ఒక టెలీ లెన్స్‌ను ఇంట్లో వదిలేయడానికి చాలాసార్లు ఈ లెక్కే చాలు.

ప్రైమ్‌లు పూర్తిగా పనికిరావని దీని అర్థం కాదు. నికాన్ జెడ్ 40 మి.మీ. ఎఫ్/2 170 గ్రాములు, కెనాన్ ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 160 గ్రాములు. సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నవారిని తీయడానికి, దీపం వెలుగులో ముఖాలకు ఇంత తేలికైన తోడు మరొకటి లేదు.

రాత్రి ఆకాశం అనే మినహాయింపు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక్కచోట తారుమారవుతుంది. నక్షత్రాలు కదులుతాయి కాబట్టి షట్టర్‌ను ఎంతసేపైనా తెరిచి ఉంచే వీలు లేదు. వెలుగు కావాలంటే అపర్చరే దిక్కు. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/2.8 రెట్టింపు, ఎఫ్/1.8 దాదాపు ఐదు రెట్ల వెలుగు ఇస్తుంది. ఎఫ్/4లో ఐఎస్ఓ 16000 కావాల్సిన చోట ఎఫ్/1.8లో 3200 చాలు.

500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సెకన్లు వస్తాయన్న పాత సూత్రం ఇప్పటి సెన్సర్లకు వదులు లెక్క. 20 మి.మీ.కు అది 25 సెకన్లు. ఆ వ్యవధిలో ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెన్సర్ మీద 0.036 మి.మీ. జరుగుతుంది. 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.0043 మి.మీ. ఉంటుంది కాబట్టి ఎనిమిది పిక్సెళ్ల గీత పడుతుంది. 10 నుంచి 13 సెకన్లకు తగ్గిస్తే చుక్క చుక్కలాగే ఉంటుంది. ఇలా సమయం తగ్గేకొద్దీ పెద్ద అపర్చర్ విలువ ఇంకా పెరుగుతుంది.

పాలపుంతను తీయాలన్నది ప్రయాణ ఉద్దేశాల్లో ఒకటైతే 20 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ మోయదగ్గదే. సోనీలో 373, నికాన్‌లో 505 గ్రాములు. దానితోపాటు ట్రైపాడ్ తప్పదు, అది కూడా లెక్కలో కలపాలి. బయల్దేరే ముందు ఆ తేదీల్లో చంద్రుడు ఏ దశలో ఉంటాడో చూసుకోవాలి. పౌర్ణమి దగ్గరైతే ఆ లెన్స్‌నూ ట్రైపాడ్‌నూ వదిలేయొచ్చు.

జలపాతాలకు మాత్రం ట్రైపాడ్ ఇప్పుడు అంత తప్పనిసరి కాదు. 24 మి.మీ. దగ్గర చేత్తో పట్టుకుని 1/25 సెకన్ల దాకా తీయొచ్చన్నది పాత లెక్క. బాడీలోనో లెన్స్‌లోనో స్టెబిలైజేషన్ నాలుగు స్టాపులు ఇచ్చినా అది 0.6 సెకన్లకు చేరుతుంది. నీరు పట్టుదారంలా పడటానికి ఆ వ్యవధి సరిపోతుంది. అయితే స్టెబిలైజేషన్ చేతి వణుకునే ఆపుతుంది, గాలికి ఊగే కొమ్మను ఆపదు.

ఏ కూర్పు ఎంత బరువు

ఫుల్ ఫ్రేమ్‌లో అతి తేలికైన విస్తృత కూర్పుల్లో ఒకటి కెనాన్ ఆర్ఎఫ్ 24–105 ఎఫ్/4–7.1తో 100–400. రెండూ కలిపి 1030 గ్రాములు, 24 నుంచి 400 దాకా. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఓఎం సిస్టమ్ 12–45 ఎఫ్/4 254, 40–150 ఎఫ్/4 382, మొత్తం 636 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది 24 నుంచి 300 దాకా. పైగా రెండింటికీ నీటి తుంపర్ల నుంచి రక్షణ ఉంది. ఇక్కడ న్యాయమైన పోలిక కావాలంటే ఒక మాట చెప్పుకోవాలి. సెన్సర్ మీద పడే మొత్తం వెలుగు, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (పదునుగా కనిపించే లోతు) లెక్కన ఆ ఎఫ్/4 ఫుల్ ఫ్రేమ్ ఎఫ్/8కు సమానం. చిన్న సెన్సర్ బరువు తగ్గించేది ఏదో మాయతో కాదు, చిన్న అపర్చర్ రంధ్రంతోనే. ప్రకృతి దృశ్యాలకు డెప్త్ ఎలాగూ ఎక్కువే కావాలి కాబట్టి నడకలో ఈ బేరం లాభసాటి. రాత్రి ఆకాశానికి నష్టం.

ఏపీఎస్-సీ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. ఫుజీఫిల్మ్ 16–80 ఎఫ్/4 440 గ్రాములతో ఫుల్ ఫ్రేమ్‌లో 24–120కి సమానమైన పరిధి ఇస్తుంది. 70–300 చేర్చాలంటే మరో 580.

కంపెనీలు చెప్పే బరువులో మూతలు, హుడ్ (ముందు తగిలించే ఎండ అడ్డు), ఫిల్టర్, సంచి ఉండవు. అవన్నీ తగిలించి వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తేనే అసలు అంకె తెలుస్తుంది. డీఎస్ఎల్ఆర్ లెన్సులను మిర్రర్‌లెస్‌కు తగిలించేవారు అడాప్టర్‌ను కూడా కలపాలి. కెనాన్ మామూలు అడాప్టర్ 110, నికాన్ ఎఫ్‌టీజెడ్ 2 125 గ్రాములు.

ఫిల్టర్ల విషయంలో రెండు లెన్సులకు రెండు వ్యాసాలుంటే పెద్దదానికి ఒక పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) కొని, చిన్నదానికి దాన్ని అతికే వలయం, అంటే స్టెప్-అప్ రింగ్ వాడటం తేలిక దారి. అలా చేస్తే చిన్న లెన్స్ హుడ్ పట్టదు. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది. 24 మి.మీ. కంటే వైడ్‌లో వాడితే ఆకాశంలో ఒక పట్టీ మాత్రమే ముదురుగా వస్తుంది. ఎందుకంటే సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే ఆకాశపు వెలుగు బాగా పోలరైజ్ అవుతుంది, అంత వెడల్పు ఫ్రేమ్‌లో ఆ దిశతో పాటు మిగతా దిశలూ ఇమిడిపోతాయి. తడి ఆకులు, నీటి మీది మెరుపు తగ్గించడానికి మాత్రం దానికి ప్రత్యామ్నాయం లేదు.

పాత ఫోటోలు చెప్పే సాక్ష్యం

ఏ ఫోకల్ లెంగ్త్ అవసరమో ఊహించక్కర్లేదు. ప్రతి ఫోటో ఫైల్‌లో ఫోకల్ లెంగ్త్, అపర్చర్ నమోదై ఉంటాయి. లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ ఫిల్టర్ తెరిచి, మెటాడేటా కింద ఫోకల్ లెంగ్త్ ఎంచుకుంటే దేనితో ఎన్ని తీశారో వరుసగా కనిపిస్తుంది. గత ప్రయాణాల్లో తీసినవన్నీ కాకుండా, దాచుకుని ఎడిట్ చేసినవి మాత్రమే చూడాలి.

ఈ అంకెలను చదవడంలో ఒక చిక్కుంది. 24–70 వాడినవారికి 24 దగ్గర, 70 దగ్గర రెండు పెద్ద గుంపులు కనిపిస్తాయి. అది ఇష్టాన్ని చూపదు. జూమ్ అక్కడితో ఆగిపోయిందని చూపుతుంది. 70 దగ్గర గుంపు పెద్దదై, వాటిలో చాలా ఫోటోలు తర్వాత క్రాప్ చేసినవైతే పొడవైన లెన్స్ కావాలని అర్థం. 24 దగ్గరి ఫోటోలను దాదాపు అన్నింటినీ కొద్దిగానో గొప్పగానో కోసి ఉంటే ఇంకా వైడ్ అక్కర్లేదు. అపర్చర్ వరుస కూడా చూడాలి. ఎఫ్/2.8తో తీసినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత ఉంటే ఎఫ్/4కు మారడంలో పోయేదేమీ లేదు.

కొనే ముందు మరో పరీక్ష: ఉన్న జూమ్‌ను ఒక ఫోకల్ లెంగ్త్ దగ్గర టేపుతో బిగించి, నిండు బ్యాగుతో ఒకరోజు నడవడం. ప్రైమ్‌తో బతకగలరో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది.

దారిలో చెడేవి, ఎందుకు చెడతాయి

లెన్స్ ఎంపికలో మన్నిక కూడా భాగమే, ఎందుకంటే దారిలో పాడైన లెన్స్ మిగతా రోజులన్నీ ఉత్త బరువు. జూమ్ చేస్తే పొడవు పెరిగే లెన్సులు గాలిని లోపలికి పీలుస్తాయి, దానితో సన్నని ధూళి, తేమ వెళతాయి. పొడవు మారని లెన్సుల్లో ఇది తక్కువ, కానీ అవి సర్దేటప్పుడు ఎక్కువ చోటు తింటాయి. వెదర్ సీల్ (నీరు, ధూళి చొరకుండా రబ్బరు బిగింపు) ఉన్న లెన్స్‌ను సీల్ లేని బాడీకి తగిలిస్తే, బాడీకి మౌంట్ దగ్గరి రబ్బరు తప్ప మిగతా రక్షణ ఉండదు. కెనాన్ పాత 17–40 మి.మీ. ఎఫ్/4 లాంటి కొన్ని లెన్సుల్లో ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీల్ పూర్తవుతుంది.

భుజం పట్టీకి క్లిప్‌తో వేలాడదీసినప్పుడు కొన్ని జూమ్‌లు బరువుకు కిందికి సాగిపోతాయి. లాక్ స్విచ్ ఉంటే వేయాలి, లేకపోతే వెడల్పాటి రబ్బరు బ్యాండ్‌ను జూమ్ వలయమూ గొట్టమూ కలిసే చోట తొడిగితే ఆగుతుంది. 700 గ్రాములు దాటిన లెన్స్ ఛాతీ మీద ఊగుతూ అడుగడుగునా తగులుతుంది. ఆ బరువు లెన్సులు బ్యాగులో, వీపుకు దగ్గరగా, నడుముకూ భుజాలకూ మధ్య ఎత్తులో ఉండాలి.

లెన్స్ మార్చేటప్పుడు గాలికి వీపు తిప్పి, కెమెరా ఆపి, మౌంట్ కిందికి ఉండేలా పట్టుకోవాలి. కొత్త లెన్స్ వెనక మూతను ముందే వదులు చేసి ఉంచుకుంటే సెన్సర్ తెరిచి ఉండే సమయం తగ్గుతుంది. బిగుసుకుపోయిన పోలరైజర్‌ను ఒకచోట వేళ్లతో నొక్కి తిప్పితే వలయం కోలగా మారి మరింత బిగుస్తుంది. చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసి, అరచేతిని సమంగా ఆనించి తిప్పితే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తేమ. చల్లటి బయటి నుంచి వెచ్చటి డేరాలోకో గదిలోకో తెచ్చిన గాజు మీద నీరు పడుతుంది. లోపలి గాజుల మీద పడితే తుడిచే దారి లేదు. లోపలికి వచ్చాక కాదు, బయట ఉండగానే కెమెరాను జిప్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసేసి మూయాలి. అప్పుడు నీరు సంచి పైన పడుతుంది. సంచి ఉష్ణోగ్రత గదితో సమానమయ్యేదాకా, సాధారణంగా గంట దాకా, తెరవకూడదు. మెమరీ కార్డు, బ్యాటరీ సంచిలో పెట్టకముందే తీసుకోవాలి, లేకపోతే మధ్యలో తెరవాల్సి వస్తుంది. వానల్లో నడిచి వచ్చాక లెన్సులను తడి బ్యాగులోనే వదిలేస్తే బూజు పట్టే ప్రమాదముంది. తేమ 70 శాతం దాటి, గాలి ఆడని చీకటి చోటు దానికి అనువు. మూతలు తీసి గాలి తగిలే చోట ఆరబెట్టి, ఆ తర్వాతే సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో పెట్టాలి. తడిసిన సిలికా జెల్ తేమ పీల్చదు. రంగు మారే రకమైతే రంగు చూసి, కాకపోతే ప్రతి ప్రయాణానికి ముందు సన్నని సెగ మీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.